నాకంటే ముందు చెప్పినవాళ్ళు

వదినా,

నీ ఫోన్ నంబరు మారింది. మీ అమ్మగారి అడ్రసుకు పంపితే నీకు చేరుతుందని ఆశ. అన్నయ్యా నువ్వూ విడిపోయిన సంగతి మీ ఇద్దరిదీ, దాని గురించి అడగను. నాకు ఒక ఉద్యోగం వచ్చింది. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. నిన్ను కాక ఎవరినడగను?

మన భోజనాల బల్ల మీద నువ్వు నేర్పిన పనే. వెబ్‌సైటు యజమాని అనుమతితో అందులోకి చొరబడి, లోపమెక్కడుందో రాసివ్వడం. "ఇంటికి తాళం వెయ్యడం మర్చిపోయే పిల్లకి తాళాలు తీసే ఉద్యోగమా!" అంది అమ్మ. "దొంగలకి కూడా నెలజీతాలొచ్చే రోజులు" అన్నాడు అన్నయ్య. నువ్వుంటే ఇద్దరి నోళ్ళూ మూయించేదానివి.

నువ్వు వెళ్ళాక, మా లోపాలు వెతికి చెప్పండని కంపెనీలు పిలిచే ఒక వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకున్నాను. ఒక కళ్ళజోళ్ళ దుకాణం సైటులో నా పేరున ఒక ఖాతా, అమ్మ పేరున ఒకటి తెరిచి, రెంటిలోనూ ఆర్డర్లు పెట్టాను. ఆర్డరు నంబరులో ఒక్క అంకె మారిస్తే అమ్మ ఆర్డరు, ఫోన్ నంబరుతో సహా, నా ఖాతాలో కనిపించింది. రాసి పంపితే "ఇది మాకు ముందే ఒకరు చెప్పారు" అని జవాబిచ్చి, ఆ రిపోర్టు చూపించారు. పైన ఏదో మారుపేరు. ఎలా బాగుచేయాలో మొదట ఉంది, లోపం సంగతి ఆ తర్వాత. "ముందు మందు చెప్పు, తర్వాత జబ్బు చెప్పు. లేకపోతే అవతలివాడు అలిగి చదవడు" అనేదానివి కదా. నువ్వు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నట్టే అయింది. ఆ మారుపేరు నీదేననుకున్నాను.

అక్కడ మారుపేర్లే తప్ప మనిషిని పలకరించే దారి లేదు. అందుకని ఆ మారుపేరు కనిపించిన సైట్లే చూస్తూ వచ్చాను. ఇంకో రెండుసార్లు నువ్వే ముందు. "ముందే చెప్పారు" అన్న జవాబు కోసమే ఎదురుచూశాను. ఓడిపోతేనే సంతోషపడే మనిషికి ఈ ఉద్యోగం నప్పుతుందా? నాకు కావలసింది ఈ పనా, నువ్వా?

నీ మరదలు

*

పిచ్చిపిల్లా,

ఆ మారుపేరు నాది కాదు. మీ ఇంటి నుంచి వచ్చేశాక ఆ పనే మానేశాను. ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతున్నాను. పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కడం నా ఉద్యోగం. ముందు మందు చెప్పమని నాకూ ఎవరో నేర్పిందే. అలా రాసేవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు.

తలుపు తెరుచుకునేదాకానే నాకు సరదా. ఆ తర్వాత రిపోర్టు రాయడం, అడిగిందే అడుగుతుంటే ఓపిగ్గా చెప్పడం, బాగుచేశారో లేదో మళ్ళీ వెళ్ళి చూడటం, అన్నీ విసుగు. ఆ ఉద్యోగంలో ముప్పాతిక వంతు అదే. నువ్వు నా కోసం కూర్చున్నాననుకున్నావు. నేనక్కడ లేను. మరి ఇన్నాళ్ళూ ఎందుకు కూర్చున్నావో నువ్వే చూసుకో.

ఆ మారుపేరు మనిషి మీద మాత్రం నాకు కుళ్ళుగా ఉంది. నాకు రావలసిన తలపులన్నీ అప్పనంగా కాజేశారు. కవరు వెనక నా అడ్రసు రాశాను.

నీ వదిన

*

వదినా,

నీ ఉత్తరం చదివి, ఆ మారుపేరు లేని సైటు ఒకటి తెరిచాను. నువ్వు రావని తెలిసి కూర్చోవడం అదే మొదటిసారి. చాలాసేపు చెయ్యి సాగలేదు. తర్వాత ఎప్పుడో అమ్మ వచ్చి "చెవుడా ఏంటే? ఇది మూడోసారి పిలవడం, కంచంలో అన్నీ చల్లారిపోయాయి" అంది. మొదటి రెండూ నాకు వినబడలేదు. లోపమేమీ దొరకలేదు కూడా. మర్నాడు మళ్ళీ తెరిచాను. ఉద్యోగానికి సరేనన్నాను.

నీ మీద బెంగ మాత్రం తగ్గలేదు. పని దాన్ని తీర్చేది కాదని ఇప్పుడు తెలిసింది. అందుకే ఆదివారం వస్తున్నాను. ఇప్పటినుంచే సంచి సర్దుతుంటే "ఎక్కడికి?" అన్నాడు అన్నయ్య. "మా వదిన దగ్గరికి" అన్నాను. సంచి జిప్పు తనే వేశాడు.

"బస్‌స్టాండు దాకా నేను దింపుతాలే" అన్నాడు.

నీ మరదలు