‘ఏరివేత’ వార్తకు సవరణ

వర్జీనియా రాష్ట్రం, హెర్న్‌డన్ నివాసి, యాభై తొమ్మిదేళ్ళ చక్రపాణి అనే నేను ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, నా చేత్తో రాస్తున్న చివరి వీలునామా ఇది. కాన్సర్ నా కడుపులో ఉంది గాని బుర్రలో లేదు. ఈ రోజు మార్ఫిన్ కూడా వేసుకోలేదు కాబట్టి మా బావమరిది రఘు అనుమానపడనక్కరలేదు. దీన్ని అమలు చేసే బాధ్యత నా మిత్రుడు దివాకర్‌ది.

1. ఇల్లు, అందులోని సామాను, బ్యాంకులో ఉన్నదంతా నా భార్య ఉమామహేశ్వరికి చెందాలి. ముప్పై ఏళ్ళు నా కోపాన్ని భరించినందుకు ఇది చాలదని తెలుసు.

2. నా తెలుగు నిఘంటువులు కూతురు హాసినికి. నువ్వు చదవలేవు, అయినా పారేయొద్దమ్మా. పేజీల అంచుల్లో నీ చిన్నప్పటి పిచ్చిగీతలున్నాయి.

3. మంచు ఊడ్చే స్నో బ్లోయర్ రఘుకి. మూడు చలికాలాలుగా అడక్కుండానే పట్టుకుపోతున్నాడు, ఇకనైనా హక్కుగా పట్టుకుపొమ్మనండి.

4. ఇది ఆస్తి కాదు, నేను చేసిన తప్పు. ఇక్కడి ఒక అనువాద కంపెనీలో యుద్ధ వార్తలను తెలుగు పత్రికల కోసం తర్జుమా చేసేవాణ్ణి. ఒక ఊరి మీద పడి మనుషుల్ని చంపితే ఇంగ్లిష్ వార్తలో ‘క్లియరింగ్ ఆపరేషన్’ అని వచ్చేది. దానికి ‘ఏరివేత’ అని మా సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించింది నేనే. ఒకసారి ఎక్కిస్తే ప్రతి వార్తలోనూ అదే నింపుకుంటూ పోతుంది. మా అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేది చూడండి, ఆ మాటే. హెడ్డింగ్‌లో చక్కగా ఇమిడేది, నెత్తురు కనబడేది కాదు. ఏరేశారంటే రాయే అయ్యుంటుందని చదివేవాడు నమ్మేస్తాడు. నేనూ నమ్మాను.

5. 2017 మార్చిలో ఒక ఎడారి పట్టణం మీద బాంబులు పడ్డాయి. ‘ఏరివేతలో పదకొండు మంది ముష్కరులు హతం’ అని పంపాను. ‘ముష్కరులు’ ఇంగ్లిష్ వార్తలో లేదు. ఏరివేత పక్కన ఆ మాట రాసీ రాసీ అలవాటై చెయ్యే రాసేసింది. మర్నాడు రెండో వార్త వచ్చింది. చనిపోయినవాళ్ళు అక్కడి కూలీల క్యాంపులో వంటవాళ్ళు. వాళ్ళలో కాకినాడ వైపు కుర్రాడు షాలేం రాజు ఉన్నాడు. ఇక్కడ మా వీధిలో ఉండే రూతు తమ్ముడు. సవరణ వేద్దామన్నాను. “కాంట్రాక్ట్ పోతుంది. నీ హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది, చూసుకో మరి” అన్నాడు మేనేజర్. నోరు మూసుకున్నాను. గ్రీన్‌కార్డ్ వచ్చాక కూడా మూసుకునే ఉన్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా.

షాలేం రాజు ఆ పట్టణంలో పనిచేస్తున్నాడని వాళ్ళ ఊళ్ళో అందరికీ తెలుసు. పేపర్లో ముష్కరులని చదివారు. పోయినవాళ్ళ కోసం పెట్టే ఆదరణ కూడికకు తల్లి రెండు వందల కుర్చీలు వేయిస్తే పాస్టరు గారు, నలుగురు చుట్టాలు వచ్చారట. ఇక్కడ రూతు పెట్టుకున్న కూడికకు నేను వెళ్ళాను. ప్రార్థనలో తల వంచుకుని కూర్చుని, భోంచేసి మరీ వచ్చాను.

6. నేను పోయాక వారంలోగా దివాకర్ ఆ వార్త వేసిన పత్రికలో ఇది నా పేరుతో వేయించాలి: “ఆ రోజు చనిపోయిన పదకొండు మందిలో ఒక్కరూ ముష్కరులు కారు. షాలేం రాజు, ముప్పై నాలుగేళ్ళు, వంటవాడు. తప్పు రాసింది చక్రపాణి.”

7. రెండో వార్త ప్రతి, నా పేరున్న కంపెనీ రికార్డు పేజీ కవరులో ఉన్నాయి. నేను పోయాక రూతుకి ఇవ్వాలి.

అనుబంధం: పై ఏడో అంశం రద్దు. ఆరో అంశంలో ‘నేను పోయాక వారంలోగా’ అన్న మాటలు కొట్టేశాను, సవరణ ఈ శుక్రవారమే వస్తుంది. చిత్తుప్రతి చదివి ఉమ, “మీరు పోయాక చెప్తే ఆవిడ ఎవర్ని తిట్టాలండీ?” అని కాగితాలు నా ఒళ్ళో పడేసింది. నిన్న ఆదివారం, చర్చి నుంచి రూతు వచ్చాక వాళ్ళింటికి వెళ్ళి కవరు ఇచ్చాను. గుమ్మంలోనే నిలబడి రెండు కాగితాలూ చదివింది. వాళ్ళమ్మ 2021లో పోయింది.

“మా అమ్మ బతికున్నప్పుడే మీకు తెలుసా అన్నా?” అని అడిగింది.

తెలుసన్నాను. కవరు తీసుకుని తలుపు వేసుకుంది.

అక్టోబరు 6, 2025, హెర్న్‌డన్.

(సంతకం) చక్రపాణి

సాక్షులు:
త్రివేణి, పక్కింటి ఆవిడ
కౌస్తుభ్, పాత ఆఫీసు స్నేహితుడు