అక్క మెసేజీల బొంత

బొంతలమ్మ అని అందరూ పిలిచే నేను, వయసు అరవై రెండు, ఊపిరితిత్తులు చెడినా మతి చెడలేదని డాక్టరు చేత రాయించుకుని, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామాను నా చేత్తోనే రాస్తున్నాను. ఇంతకుముందు రాసినది రద్దు. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత మా ఇంటి కింది వాటాలో అద్దెకుంటున్న దర్జీది.

1. కుట్టుమిషను, దారాలు, సూది గుచ్చుకోకుండా మా అమ్మ వేలికి తొడుక్కున్న అంగుస్తానా దర్జీకి చెందాలి. అంగుస్తానా ఆయన వేలికి పట్టదు, అయినా ఉంచుకోవాలి. నా కుట్టు వంకరపోయిందని మొహం మీదే చెప్పింది ఆయనొక్కడే.

2. ఫోను తెరను గళ్లుగా మార్చి కుట్టుకు నమూనా గీసే కంప్యూటరు, నా దగ్గర పని నేర్చిన ముగ్గురు ఆడవాళ్లకు ఉమ్మడిగా. పోట్లాడుకోకూడదు. పోట్లాడుకుంటారని తెలుసు.

3. బావకు ఏమీ లేదు. అక్క పోయిన ఏడాదికి, నా ప్రదర్శనకు కొత్త చొక్కా తొడుక్కొచ్చి బొంత పక్కన ఫొటో దిగాడు. ఆ ఫొటోయే ఆయన వాటా.

4. సదరు బొంత, పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు ఆరు. అక్క పాత బట్టల ముక్కలు అతికి, గుండెనొప్పితో ఒంటరిగా పోయిన ఆ మధ్యాహ్నం ఆమె నాకు పంపిన ముప్పై ఒక్క మెసేజీలను అక్షరదోషాలతో సహా కుట్టాను. అక్క ఫోనులో ఉన్నట్టే కుట్టిన, నేను చదవలేదని చెప్పే బూడిదరంగు టిక్కులు చూసి జనం కళ్లొత్తుకున్నారు. నాకు పేరొచ్చింది దానితోనే. మ్యూజియం వాళ్లు రెండుసార్లు అడిగారు. ఇవ్వకూడదు. దానిపై సర్వహక్కులూ అక్క కూతురివి. ప్రదర్శన రోజున నా చెయ్యి విదిలించుకుని, "అమ్మ ఏడుపుని గోడకి తగిలించావు, పిన్నీ" అంది. ఆరేళ్లుగా నా గడప తొక్కలేదు. కుట్లు విప్పుకున్నా, కాల్చేసినా, కప్పుకున్నా ఎవరూ అడ్డు చెప్పరాదు.

5. సొరుగులోని నా పాత ఫోను కూడా అక్క కూతురికే. ఆ మధ్యాహ్నం ఫోను ఇంట్లో మరిచి బజారుకెళ్లానని విలేకరులందరికీ చెప్పాను. వెళ్లలేదు. ఈ బల్ల దగ్గరే ఉన్నాను. ఎడమ చెయ్యి లాగుతోందనీ, బావ ఫోనెత్తడం లేదనీ, ఒక్కసారి రమ్మనీ అక్క మెసేజీలు తెర అంచున ఒక్కొక్కటే వచ్చి పోతుంటే చదివాను. తెరిస్తే చదివానని తెలిసిపోతుందని తెరవలేదు. రోజూ ఉండే నస కదా అనుకున్నాను. ఫోనెత్తని పాపాన్ని బావ నెత్తినే వదిలేశాను.

ముప్పై రెండో మెసేజీ బొంత మీద లేదు. నాలుగుసార్లు సూది పట్టాను, చేతకాలేదు. అది ఇది: "పనిలో ఉన్నట్టున్నావు. సర్లే, కుట్టుకో."

తేదీ: 9-8-2024
(సంతకం) బొంతలమ్మ

సాక్షులు:
1. నాకు వైద్యం చేస్తున్న డాక్టరు
2. పక్కింటి రిటైర్డ్ లెక్కల టీచరు