గొళ్ళెం చేప గూడు

ప్రియమైన అక్కకి,

బావ కులాసా. నేనే మండిపోతున్నాను. ముందు నా గోడు విను.

ఇక్కడ సముద్రం అడుగున పగడపు దిబ్బ మీద ఒక చేప ఉంది, మూరన్నర పొడవు. పనివాళ్ళం గొళ్ళెం చేప అంటాం. వీపు మీద పెద్ద ముల్లు లేపితే వెనకున్న చిన్నముల్లు దానికి గొళ్ళెం పెడుతుంది. రాతి సందులో దూరిందంటే లాగడం ఎవడబ్బ తరం కాదు. గుల్లల్ని పెంకుతో సహా నమిలేస్తుంది. చిన్నచేపలు ఎంగిలి కోసం దాని వెనకాలే తిరుగుతాయి, అచ్చం మా మేనేజరు వెనక తిరిగేవాళ్ళలా.

మామూలప్పుడు దాని మానాన అది ఉంటుంది. ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెట్టిందా, ఇక తల్లి కాపలా. దాని హద్దు గుంట దగ్గర ఇరుకు, పైకి పోయేకొద్దీ వెడల్పు, గరాటులా. అది మనల్ని తరిమితే పైకి పారిపోకూడదు. ఎంత పైకెళ్ళినా దాని ఇంట్లోనే ఉన్నట్టు. నేల వెంబడి అడ్డంగా పోవాలి. భయమేస్తే మనిషి ప్రాణం పైకే లాగుతుంది, అక్కడే చస్తాం. బావకి పదిసార్లు చెప్పాను.

పగడాలు చూడ్డానికొచ్చేవాళ్ళని నీళ్ళలోకి దించే పడవని కట్టే తాడు సరిగ్గా ఆ గూటి పక్కనే కట్టారు. గాలి సిలిండర్లు కట్టుకుని దిగి, అరిగిన తాళ్ళు మార్చడం బావదీ నాదీ పని. "గుడ్లున్న రోజు వద్దు, ఒక్క రోజులో పగులుతాయి, మర్నాడు మారుస్తాం" అన్నాను. ఒక్క రోజు కూడా ఆగేది లేదన్నాడు మేనేజరు. "బడి మొహం చూడనివాడివి, నీకివన్నీ ఎవడు చెప్పాడ్రా?" అన్నాడు. ఎవడూ చెప్పలేదు. నాలుగేళ్ళు నీళ్ళలో కళ్ళు తెరుచుకుని నేర్చుకున్నాను.

పడవ పిలుస్తోంది, ఉంటాను.
నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం కుట్టుమిషను దగ్గరే చదివాను. పక్కావిడ "ప్రేమలేఖా?" అంది. "కాదు, చేప మీద ఫిర్యాదు" అన్నాను.

మేనేజరు దగ్గర నోరు పారేసుకోకు. మీ బావ పెళ్ళైన ఏడేళ్ళలో నా మాట ఒక్కటీ వినలేదు, నీ మాటంటే మాత్రం రాతి మీద గీత. నీళ్ళలో ఆయనకి వచ్చిందంతా నువ్వు నేర్పిందే. ఆయన్ని కంటి ముందే ఉంచుకో.

పనిలో మునిగి తిండి మానేయకండి ఇద్దరూ.
నీ అక్క

తమ్ముడూ,

మీ బావ పోయి ఇరవై రోజులు. శవాన్ని తెచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయావు.

ప్రమాదం గురించి మేనేజరు రాసిన కాగితం నకలు వచ్చింది. హెచ్చరించినా వినకుండా మీ బావే గూటి మీదికి వెళ్ళాడట, కంగారుపడి పైకి లేచాడట. సాక్షి సంతకం చోటు ఖాళీగా ఉంది. నువ్వు పెట్టాలట. "నా కొడుకంత తెలివితక్కువవాడా?" అని మా అత్త రోజూ అడుగుతోంది. ఏం చెప్పను?

నీళ్ళలో ఇద్దరే ఉన్నారు. ఒకరు చెప్పలేరు. నువ్వు చెప్పు.
అక్క

అక్కా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు.

బావ గూటి మీదికి వెళ్ళలేదు. ఆ రోజు గుంటలో మళ్ళీ గుడ్లున్నాయి. తాడు మారుస్తుంటే చేపే మా మీదికి వచ్చింది, ముల్లు లేపి, పక్కకి ఒరిగి, ఒక కన్ను మా మీద వేసి. బావ తాడు వదిలేసి నేలకి ఆనుకుని అడ్డంగా ఈదాడు, నేను నేర్పింది నేర్పినట్టు.

అది నన్ను గుద్దింది, చెవి దగ్గర, సుత్తితో కొట్టినట్టు. నాకు తెలిసిందంతా ఎటు పోయిందో తెలీదు. బావ వీపు మీది సిలిండరు పట్టీ చేతికందింది. పట్టుకుని పైకి తన్నాను. ఆయన చెయ్యి ఊపి వద్దన్నాడు, రెండుసార్లు. నేను వదల్లేదు. నాకన్నా బలమైనవాడు, విదిలించుకోవచ్చు. విదిలించుకోలేదు. చేప పైదాకా తరిమింది. ఆయన గాలిగొట్టం కొరికేసింది. ఊపిరి బిగబట్టి అంత వేగంగా పైకొస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి. పడవెక్కించేసరికే అయిపోయింది.

ఒక్క రోజు ఆగనివ్వని తప్పు మేనేజరుది. అదీ రాసిచ్చాను. అయినా అది నా తప్పుకి గొడుగు కాదు.

అతనిచ్చిన కాగితం మీద ఉన్నదంతా అడ్డంగా కొట్టేసి ఇలా రాశాను: "ఆయన సరైన దారినే వెళ్తున్నాడు. నేను పైకి లాగాను." దాని కింద పెట్టాను సంతకం. నకలు ఇందులో ఉంది. మీ అత్తగారికి నువ్వే చదివి వినిపించు.

ఆ తర్వాత నాకు రాయాలో వద్దో నీ ఇష్టం.
తమ్ముడు