తాత వర్ధంతి రోజున మామ్మ పరువు

మామ్మా,

ఈరోజు తాత వర్ధంతికి కోటబొమ్మాళిలో అందరం కలిశాం. నీ కడుపున పుట్టిన బాబాయే లేచి, "మా నాన్నకెంత ఓర్పో! ఒళ్లు పాడైపోయిన మాయమ్మని ఒగ్గీలేదు," అన్నాడు. నిన్ను వదిలేయకపోవడమే గొప్పన్నట్టు అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది.

నీ ఒళ్లు పాడుచేసిన ఆ సుఖరోగం, సిఫిలిస్, తాత నుంచే నీకు అంటుకుందని నువ్వే నాకు చెప్పావు. ఆ రోజుల్లో దానికి ఆర్సెనిక్ అనే విషం కలిసిన ఇంజెక్షనే మందు. ఎచ్చెర్లలో ఫార్మసీ కాలేజీ పిల్లలకి ఆ పాఠం చెప్పేది నేనే. నరంలోకి ఎక్కిన మందు కాలేయంలో, మూత్రపిండాల్లో, చర్మంలో చేరుతుంది. మలంలోనూ మూత్రంలోనూ చాలా మెల్లగా బయటికి పోతుంది. అది పూర్తిగా పోకముందే మళ్లీ సూది పొడిచేవారు. నీకు కామెర్లు వచ్చింది, అరచేతులు నల్లబడి మొద్దుబారింది అందుకే. ఆ చేతులతో వండితే మీ అత్త "పాపిష్టిదానా" అంటూ కంచం తోసేసేది. తాత పక్కనే కూర్చుని వినేవాడు. ఒక్కనాడూ నోరు విప్పలేదు.

ఇదంతా అందరి ముందూ చెప్పేశాను.

"సచ్చిపోయినోడి పరువు తీస్తావేటే?" అని బాబాయి అరిచాడు.

"మామ్మ కూడా సచ్చిపోయింది బాబాయ్. నీ కన్నతల్లి పరువు నువ్విప్పుడే తీసినావు కదా!" అన్నాను.

తర్వాత నన్నెవరూ భోజనానికి పిలవలేదు. నేనే వడ్డించుకుని, వాళ్ల మధ్యే కూర్చుని తిన్నాను.

నీ మనవరాలు