ఒక్క చుక్క కింద పంతొమ్మిది మంది

విజయవాడ,
బుధవారం

నాన్నా,

ఫోన్‌లో చెబితే "తర్వాత మాట్లాడదాంలేమ్మా" అని మధ్యలోనే పెట్టేస్తారు. అందుకే ఉత్తరం. అమ్మకు వినిపించకుండా ముందు మీరొక్కరే చదవండి.

నిరుడు వేసవిలో మన రెడ్డిగూడెం వైపు కిడ్నీ పరీక్షలు చేశారు కదా. ఆ లెక్కలు మా ఆఫీసుకే వచ్చాయి. రిపోర్టు రాసింది నేనే. అడ్డంగా ఎవరు తాగే బోరు ఎంత లోతో, నిలువుగా ఎవరి రక్తంలో, కిడ్నీ పాడైతే పెరిగే క్రియాటినిన్ ఎంతో పెట్టి, మనిషికొక చుక్క చొప్పున గ్రాఫ్ గీశాను. కిందంతా చుక్కలే. పైన, బాగా లోతు బోరు దగ్గర మాత్రం ఒకే ఒక్క చుక్క. ఎవరో ఒకరికి ఒంట్లో బాగాలేదు కాబోలు అనుకున్నాను. "ఏ ఊళ్ళోనూ ప్రత్యేకించి ప్రమాదం కనిపించలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ మాట చూసే మన వైపు పెట్టాల్సిన వైద్య శిబిరాన్ని వేరే మండలానికి మార్చేశారు.

పోయిన వారం కొత్తగా చేరిన పూజిత ఆ గ్రాఫ్ చూసి, "మేడమ్, మనుషులు నాలుగు వందల పన్నెండు మంది కదా, చుక్కలు అన్ని లేవేంటి?" అంది. ఒకే బోరు నీళ్ళు తాగేవాళ్ళకి లోతు ఒకటే. సర్వే వాళ్ళు క్రియాటినిన్‌లో పాయింటు తర్వాత అంకెలు వదిలేసి ఆ లోతు బోరు వాళ్ళందరికీ నాలుగు, నాలుగు అని రాసుకొచ్చారు. రెండూ ఒకటే అయితే చుక్క మీద చుక్క పడుతుంది, పైది ఒక్కటే కనిపిస్తుంది. చుక్కలన్నిటికీ పలచటి రంగు వేసి, ఒక్కొక్కదాన్నీ రవ్వంత పక్కకు జరిపి చూశాను. పైనున్న ఆ ఒక్క చుక్క పంతొమ్మిదయింది నాన్నా.

పేర్లు తీశాను. అందరూ మన తోట వెనక కాలనీ వాళ్ళే. కోతల మేస్త్రీ డేవిడ్ రాజు కూడా ఉన్నాడు. ఆ ఆరు వందల నలభై అడుగుల బోరు మనదే. మీరే పైపు వేయించి వాళ్ళకు నీళ్ళిచ్చారు. ఈ పది నెలల్లో ఆ పంతొమ్మిది మందిలో ముగ్గురు పోయారు. శిబిరం అక్కడే పెట్టి ఉంటే బతికేవాళ్ళేమో. ఆ ఆలోచనతో అన్నం సహించడం లేదు.

సోమవారం తప్పు ఒప్పుకుని కొత్త రిపోర్టు ఇస్తున్నాను. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. బోరు ఎవరిదో కూడా అందులో రాయాలి. మంచికని చేసిన పనికి మీ పేరు ఇలా ఎక్కిస్తున్నందుకు క్షమించండి. నీళ్ళు మాత్రం వెంటనే ఆపించండి.

మీ
చందన


రెడ్డిగూడెం,
శనివారం

అమ్మా చందనా,

నువ్వు నన్ను క్షమించమని అడగకు.

మూడేళ్ళ కిందట తోటలో చెట్లకు డ్రిప్ పైపులు వేయించేటప్పుడు ఆ బోరు నీళ్ళు పరీక్ష చేయించాను. చెట్లకు పర్వాలేదు, మనుషులు తాగకూడదు అని రాసిచ్చారు. ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టాను. మర్నాటి నుంచి మనింట్లో టిన్ను నీళ్ళు వేయించాను. ఎందుకని మీ అమ్మ అడిగితే, బోరు నీళ్ళ రుచి మారిందన్నాను.

కాలనీకి వెళ్ళే పైపు మాత్రం ఆపలేదు. ఆ నీళ్ళున్నంతకాలం కోతలకు వాళ్ళు ఇంకో తోటకు వెళ్ళరు. ఇన్నేళ్ళు తాగారు, ఏమవుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. కాలనీలో సువర్ణరాజు కాళ్ళు వాచి మంచాన పడితే చూడ్డానికి వెళ్ళాను. వాళ్ళావిడ నాగమణి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. దాహం లేదన్నాను.

నీకు కనబడక రాయలేదు. నేను తెలిసీ ఊరుకున్నాను.

ఈ ఉదయం మోటారు ఫ్యూజులు పీకేశాను. కాలనీకి ట్యాంకరు మాట్లాడి, వెళ్ళి అందరి ముందూ చెప్పాను. డేవిడ్ రాజు తలెత్తలేదు. నాగమణి దగ్గరికొచ్చింది.

"ఎప్పట్నుంచి తెలుసండీ?"

"మూడేళ్ళ నుంచి."

"మా ఆయన పోయింది మొన్న క్రిస్మస్ ముందండీ" అంది. లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆ గుమ్మం ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

పరీక్ష కాగితం ఇందులో పెట్టి మీ బాబాయి చేత పంపిస్తున్నాను. రిపోర్టుకు జతచెయ్యి. ఈ ఉత్తరం కూడా మీ పైవాళ్ళకు చూపించు. అందుకే కింద పూర్తి పేరు రాస్తున్నాను.

కొల్లి లక్ష్మీనరసింహారావు