టేపు ఆయన చేతికివ్వండి

ఏమండీ, నేను డ్యూటీకి వెళ్తున్నా. మామయ్యగారు పడుకున్నారు. లేవగానే కుట్టుమిషను దగ్గర కూర్చోబెట్టి, కొలతల టేపు చేతికివ్వండి. మిషను సూది తీసేశాను, భయం లేదు.

వచ్చీరాగానే "నేనెవర్ని నాన్నా?" అని పరీక్ష పెట్టకండి. పాపం, బిక్కమొహం వేస్తున్నారు. పొద్దున మీ చొక్కా మడతపెడుతుంటే లాక్కున్నారు. ఎవరిదో చెప్పలేకపోయారు గానీ, తడిమి చూసి, "వీడికి ఎడమ భుజం కాస్త దిగుడమ్మా, చూసి కుట్టాలి" అన్నారు. అది షాపులో కొన్న చొక్కా! ఇన్నేళ్ళ కాపురంలో మీ భుజం సంగతి నాకే తెలీదు.

రోజంతా చాకిరీ చేసే నన్ను మాత్రం, "రేపు రామ్మా, కుట్టేసి ఉంచుతా" అని పంపించేస్తున్నారు.

ఈసారి ఏమీ అడక్కుండా ఆయనకు వీపు తిప్పి నిలబడండి.

మరిచా: అలా కొలతలకు నిలబడ్డానికి మాత్రం నేనొచ్చేదాకా ఆగండి. ఆ చేతులు మిమ్మల్ని గుర్తుపడతాయేమో, నాకూ చూడాలనుంది.