రేపటికి దాచని గిన్నె

ప్రియమైన రోహిణికి,

ఈ మాట షాహిదా రాసింది. నేను చెప్పింది "ఏమే రోహిణీ" అని. ఉత్తరం అలా మొదలుపెట్టకూడదట. సరే, ప్రియమైనదానివే, కాదని నేనెప్పుడన్నాను. కానీ ఇది ముద్దు చేసే ఉత్తరం కాదు, నా దావా. గురజాల కోర్టులో మన గట్టు తగాదా నడిచినప్పుడు వకీలు గొంతు సవరించుకునేలోపే లేచి మాట్లాడి గెలిచినదాన్ని నేను. నాకు చదువు లేకపోయినా నోరుంది. మన సంఘం పుస్తకాలు రాసే షాహిదాకి చేతిరాత ఉంది. ఇద్దరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

నరసరావుపేట ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం మానేశావు. గయ దగ్గర బౌద్ధ సన్యాసినుల ఆరామంలో తెల్లబట్టలు కట్టుకుని ఉంటున్నావు. ఇక సంఘంలో చేరతాను, అమ్మ అనుమతి కావాలి అని రాశావు. ఆ మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. సంఘంలో చేరడానికి గయ దాకా పోవాలటే? మన వీధి డ్వాక్రా సంఘానికి లీడర్ని నేనే కదా, రేపే నీ పేరు ఎక్కిస్తాను అన్నాను. షాహిదా కలం పక్కన పెట్టింది.

"అది ఈ సంఘం కాదు పెద్దమ్మా. అందులో చేరితే జుట్టు తీసేస్తారు. గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అన్నం అడగాల."

అక్కడ ఆగింది నా నవ్వు.

విను. మీ నాన్న శివరామయ్య పోయినప్పుడు నాకు తెల్లచీర కట్టనివ్వనిదానివి నువ్వు. రంగు చీర నీ చేత్తో తెచ్చి కట్టావు. ఇప్పుడు నువ్వే తెల్లచీర కడతావా? పెళ్ళి వద్దన్నావు, ఊరుకున్నాను. మన గుమ్మంలోకి వచ్చి అడుక్కున్నవాళ్ళున్నారు గానీ, ఈ గుమ్మంలోంచి బయటికి పోయి అడుక్కున్నవాళ్ళు లేరు.

మీ బుద్ధుడు నాలుగు మాటలు చెప్పాడని రాశావు. దుఃఖం ఉందని మొదటిదట. పల్నాడులో ఈ మాట చెప్పడానికి ఒక రాజకుమారుడు ఇల్లు వదలాలా? తామర పురుగు పడి మిరప ఎండిపోయిన ఏడు ఏ తలుపు తట్టినా చెబుతారు. దుఃఖానికి కారణం కోరిక అని రెండోదట. కోరికే లేకపోతే విత్తనం ఎవడేస్తాడు? మిగతా రెండూ నాకు చెప్పక్కర్లేదు. కేసు అక్కడే కొట్టేశాను.

అనుమతి లేదు. ఇంటికి రా.

ఇట్లు, వేలిముద్ర వేసి, నీ తల్లి
నాగేంద్రమ్మ

*

ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం ఇక్కడ అందరికీ హిందీలో చెప్పి వినిపించాను. మా పెద్ద భిక్షుణి నాగపూర్ ఆవిడ, పెద్దగా నవ్వదు. కోరిక లేకపోతే విత్తనం ఎవడేస్తాడన్న చోట నవ్వి, "మీ అమ్మ గట్టి ప్రశ్న వేసింది, జవాబు రాయి" అన్నది. శిక్షణలో ఫోను ఉండదు కాబట్టి నాకూ కాగితమే దిక్కు.

విత్తనం వేయడం తప్పు కాదమ్మా. పండిన మిరపకాయను అన్నయ్య టిక్కీ బస్తాలకెత్తి గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టాక ఏం జరుగుతుందో చూడు. రేటు పెరిగితే ఇంకా పెరుగుద్దని అమ్మరు. తగ్గితే మళ్ళీ పెరగకపోద్దా అని అమ్మరు. పొద్దున్నే మిర్చి యార్డు నుంచి ఫోను వస్తే నీకూ అన్నయ్యకూ ముద్ద దిగదు. కాయ చల్లగానే ఉంటుంది, మండేది మీరు. ఆయన చెప్పిన కోరిక అదేనని నాకు అర్థమైంది. ఆ మంట ఆరుతుందన్నది మూడో మాట. ఆర్పుకునే దారి ఉందన్నది నాలుగోది. సూటిగా చూడటం, మంచిగా మాట్లాడటం, ఎవరికీ హాని లేకుండా బతకడం, మనసును కనిపెట్టుకుని ఉండటం, ఇలా సాగుతుంది ఆ దారి. మొత్తం ఎనిమిది అంగాలు. చెప్పడం తేలిక. నేనింకా మొదటి అడుగు దగ్గరే తడబడుతున్నాను.

ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి ఇతరుల ఊపిరి చూసే ఉద్యోగం చేశాను. నాన్నది ఆఖరి ఊపిరి కూడా నేనే చూశాను. నా ఊపిరిని మాత్రం ఎన్నడూ చూసుకోలేదు. ఇక్కడ మొదటిసారి కూర్చుని చూశాను. లోపలికి వచ్చింది, బయటికి పోయింది. రమ్మని నేను పిలవలేదు, పొమ్మని నేను చెప్పలేదు. నాది అనుకున్నది నన్ను అడగకుండానే నడుస్తోంది. అమ్మా, ఆ రోజు నాకు ఒళ్ళు జలదరించింది.

నీ అనుమతి ఎందుకో కూడా చెప్పాలి. బుద్ధుడు తన చిన్న కొడుకును సంఘంలో చేర్చుకున్నప్పుడు ఆయన తండ్రి వచ్చి ఏడ్చాడట. "నువ్వు పోయినప్పుడు చర్మం తెగింది. మనవడు కూడా పోతే ఎముక దాకా తెగింది. ఇక ముందు ఏ బిడ్డనైనా కన్నవాళ్ళు ఒప్పుకుంటేనే చేర్చుకో" అని అడిగాడట. ఆయన తండ్రికి ఎదురు చెప్పలేదు. ఆ నియమం ఇప్పటికీ తప్పలేదు. ఇన్ని వందల ఏళ్ళ కిందటి ఒక తండ్రి కన్నీళ్ళు ఈ రోజు నీ చేతికి అధికారం ఇచ్చాయి. నువ్వు వద్దంటే ఇక్కడ నా తల మీద కత్తి పెట్టేవాళ్ళు లేరు. నా జుట్టు నీ మాట కోసం ఆగి ఉంది.

నీ మాట కోసం ఎదురుచూస్తూ,
రోహిణి

*

ప్రియమైన రోహిణికి,

కోల్డ్ స్టోరేజీ సంగతి మీ అన్నకు షాహిదా చేత చదివించి వినిపించాను. "ఇంత దూరం పోయినా దాని కళ్ళు మన టిక్కీల మీదే ఉన్నయ్యే" అని గొణిగాడు. శ్రీహరి సంగతి వదిలెయ్. నేను చేసిన పని చెబుతాను.

నా బిడ్డను ఎత్తుకుపోయినవాణ్ణి ముఖాముఖీ నిలదీయాలనుకున్నాను. షాహిదాని వెంటబెట్టుకుని మాచర్ల మీదుగా విజయపురి సౌత్ పోయి, లాంచీ ఎక్కి నాగార్జునకొండకు బయలుదేరాను. ఆ నీళ్ళకు అవతలి ఒడ్డు కనిపించలేదు. లాంచీ నడిపేవాణ్ణి లోతెంత అబ్బాయ్ అని అడిగాను.

"లోతు సంగతేమో గానీ మామ్మా, మనం ఊళ్ళ మీద పోతన్నాం. కింద ఇళ్ళు, బౌద్ధుల విహారాలు చానా ఉన్నయ్యి. డ్యాం కట్టేటప్పుడు కొన్నింటిని రాయి రాయీ విప్పి కొండ మీద మళ్ళా పేర్చారు."

నేను నీళ్ళలోకి చూశాను. ఏమీ కనిపించలేదు. మన మాగాణికి కాలవలో వచ్చేది ఈ నీళ్ళే కదా రోహిణీ. ఆ విహారాల మీద నిలిచి వచ్చిన నీళ్ళతో పండిన బియ్యమే కదా నేను రోజూ వండేది, నిన్ను పెంచింది. ఇన్నేళ్ళు తిన్నాను, ఒక్కనాడూ అనుకోలేదు. షాహిదా ఏదో చెబుతుంటే "నోరు మూసుకో" అన్నాను. దాని తప్పేమీ లేదు.

కొండ మీద మ్యూజియంలో బుద్ధుడి విగ్రహం ఉంది. ఎదురుగా నిలబడి నా దావా మొత్తం చెప్పాను. కాపలా మనిషి అరవొద్దన్నాడు. ఆయన మాత్రం ఏమీ అనలేదు. కళ్ళు సగం దించుకుని, తిట్టేదాన్నీ మొక్కేదాన్నీ ఒకే తీరుగా వింటున్నట్టు ఉన్నాడు. కొట్లాటకు రానివాడితో ఎంతసేపని కొట్లాడను.

పక్కన ఇంకో పలక ఉంది. అందులో చుట్టూ మనుషులు వంగి దండం పెడుతున్నారు. మధ్యలో పీట ఉంది, పీట కింద రెండు పాదాల గుర్తులున్నాయి. పీట మీద ఎవరూ లేరు.

"ఏందే ఇది, లేని మనిషికి మొక్కుతున్నారు?" అన్నాను.

"పాత రోజుల్లో ఆయన్ని ఇట్టాగే చెక్కేవాళ్ళంట పెద్దమ్మా, మనిషిని చూపించకుండా," అంది షాహిదా. "మాకూ బొమ్మ ఉండదుగా," అని కలిపింది.

ఆ ఖాళీ పీట ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లేనివాడి మీద దావా ఎట్లా వేస్తారు? వేసినా సమన్లు ఎవరికి ఇస్తారు? లాంచీ పోతోందని షాహిదా చెయ్యి పట్టి లాగింది.

అయినా చెబుతున్నాను, కేసు వాయిదా పడిందంతే. అనుమతి ఇవ్వలేదు.

ఇంకా ఒప్పుకోని నీ తల్లి
నాగేంద్రమ్మ

*

ప్రియమైన అమ్మకి,

ఈ ఉత్తరం చిన్నది. మేం కొందరం నాగార్జునకొండ చూడటానికి వస్తున్నాం. నడికుడిలో రైలు దిగి అక్కణ్ణుంచి కాలినడకన వస్తాం. దారిలో మన ఊరుంది. పొద్దున పూట మన వీధిలోకి కూడా వస్తాం.

ముందే చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. ఏ ఇంటి ముందైనా నిలబడతాం, ఇమ్మని అడగం. పెడితే తీసుకుంటాం, పెట్టకపోతే వెళ్తాం. వరసలో చివర నేనుంటాను. మన ఇంటి ముందు కూడా అలాగే నిలబడతాను. లోపలికి రాలేను, పలకలేను, తలెత్తి నీ ముఖం చూడలేను. తలుపు మూసే ఉంటే అదే నీ జవాబనుకుంటాను. పెద్ద భిక్షుణికి ఆ మాట చెప్పి, తెల్లబట్టలు విప్పి ఇంటికొస్తాను. నీ మీద కోపంతో కాదు, నియమం అది.

నీ
రోహిణి

*

ప్రియమైన రోహిణికి,

ఈసారి ఈ మాట నేనే చెప్పి రాయించాను.

నువ్వు తలెత్తలేదు కాబట్టి నీకు తెలియనివి కొన్నున్నాయి. మీరు రాకముందే నేను సంఘం మీటింగు పెట్టాను. మన వీధిలో ఏ ఇంట్లోనూ మెతుకు పెట్టకూడదని తీర్మానం చేయించాను. ఆకలేస్తే ఏ పిల్లయినా తల్లి దగ్గరికే వస్తుందని నా లెక్క. తెల్లవారకముందే లేచి గుత్తి వంకాయ, పప్పుచారు, గారెలు చేసి, అన్నం వార్చి పెట్టాను. తలుపు మూయలేదు. పంచలో కూర్చున్నాను.

వీధి మొదట్లో మీరు కనిపించారు. కాళ్ళకు చెప్పుల్లేవు. మొదటి ఇంటి ముందు ఆగారు. తలుపు తీయలేదు. కాసేపు నిలబడి కదిలారు. రెండో ఇల్లూ అంతే, మూడోదీ అంతే. ఖాళీ చేతులతో పోయేవాళ్ళ ముఖాలు నాకు తెలుసు. నా గుమ్మం ముందే చానా చూశాను. కొందరు తిట్టుకుంటూ పోతారు, కొందరు చిన్నబుచ్చుకుని పోతారు. మీ ముఖాల్లో ఆ రెండూ లేవు. మూసిన తలుపు ముందు ఎంత నెమ్మదిగా ఆగారో అంతే నెమ్మదిగా కదిలారు. ఇల్లు దాటేకొద్దీ నాలో ఏదో జారిపోతూ వచ్చింది. నా తీర్మానం మీకు తగలనే లేదు.

మన గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. "రోహిణీ, లోపలికి రా, అన్నం పెడతా" అన్నాను. నువ్వు కదల్లేదు. నాకు ఒళ్ళు మండింది. ముష్టికొచ్చినవాళ్ళకు ముష్టే వేస్తానని లోపలికెళ్ళి చేటలో బియ్యం తెచ్చాను. వరస ముందున్న మీ పెద్దావిడ తన గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది. హిందీలో ఏదో అన్నది. షాహిదా ఉర్దూ పుణ్యమా అని అర్థం చెప్పింది.

"పచ్చి గింజలు తీసుకోరంట పెద్దమ్మా. దాచుకునేది వద్దంట. ఈ పూట తినేదేదైనా ఉంటే చాలంట."

"మరి రేపేం తింటారంట?"

"రేపు ఎవరో ఒకరు పెడతారంట."

"పెట్టకపోతే?"

ఆవిడ నవ్వింది. "ఆకలేస్తుందంట," అంది షాహిదా.

నేను చేట పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నా వెనక పురి కట్టి దాచిన ధాన్యముంది, గుంటూరులో మీ అన్న టిక్కీలున్నాయి. అన్నీ ఉండి కూడా రేపంటే భయపడని రోజు నాకు గుర్తు లేదు. నా ఎదురుగా ఒక ముసలిది, నా ఈడుదే, రేపటిని అట్లా వదిలేసి నిలబడింది. నాగార్జునకొండ మీద ఆ ఖాళీ పీటను చూసి నా దావా ఆగిపోయింది. ఈవిడ ముందు వంగి దండం పెట్టాను. వంగడం నాకు అలవాటు లేదు, నీకు తెలుసు.

గిన్నెలన్నీ బయటికి తెచ్చాను. ముందు నీకే పెట్టబోతే షాహిదా ఆపింది, పెద్దావిడ నుంచి వరసగా పెట్టాలట. నీ దగ్గరికొచ్చేసరికి గారెలు అయిపోయాయి. నేను బతిమాలలేదు, ఏడవలేదు. అన్నం వడ్డించాను, పైన వంకాయ పెట్టాను. గిన్నెను గుండెకు దగ్గరగా లాక్కున్నావు. చూశాను. నాకది చాలు.

మీరు వెళ్ళాక వీధి ఆడవాళ్ళంతా అప్పటికప్పుడు వంట చేసి, అన్నాలు పట్టుకుని మీ వెనక పరిగెత్తారట. మిమ్మల్ని అందుకునేసరికి మధ్యాహ్నం దాటింది, ఆ తర్వాత మీరు అన్నం ముట్టరట. ఆ కోపమంతా వచ్చి నా మీద పడింది. "మా గుమ్మాలకు తలుపులు మూయించింది నువ్వే" అని నన్ను లీడరు పదవి నుంచి దించేశారు. దించనీ. ఇప్పుడు షాహిదా లీడరు.

నిన్న ఒక అడుక్కునే ముసలామె వచ్చింది. అలవాటు కొద్దీ చేటతో లేచాను. సగం దూరం నడిచి ఆగి, వెనక్కెళ్ళి వేడన్నం, గోంగూర పచ్చడి పట్టుకొచ్చాను. పంచలో కూర్చోమన్నాను. ఆమె నన్ను అనుమానంగా చూసింది.

"ఏందమ్మా, ఇయ్యాల ఎవరిదన్నా దినమా?"

"దినం కాదే, తిను."

ఆమె తింటుంటే ఎదురుగా కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా వస్తోంది, పేరు ఇప్పుడడిగాను.

షాహిదా, ఇక్కణ్ణుంచి పెద్ద అక్షరాలతో రాయి. రోహిణి నా కూతురు. ఆమెను సంఘంలో చేర్చుకోవడానికి కన్నతల్లిగా నేను ఒప్పుకున్నాను. ఎవరూ ఒత్తిడి చేయలేదు. ఎవరైనా చేయగలరా అసలు?

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో తల్లీ. తలుపు మూసిన ఇంటి ముందు ఇంకొంచెం ఎక్కువసేపు నిలబడు. లోపల నాలాంటిది అన్నీ వండుకుని కూర్చుని ఉంటుంది.

ఒప్పుకున్న నీ తల్లి
నాగేంద్రమ్మ